ఎర్రబోడు ఏ పట్టికలోకి వస్తుంది?

2022 నవంబర్ 22న చండ్రుగొండ మండలం బెండాలపాడు అడవిలో అటవీ శాఖ రేంజ్ అధికారి ఒకరిని నరికి చంపారు. పోడు నేలలో శాఖ మొక్కలు నాటింది. వాటిని కాపాడబోయిన చోట ఎర్రబోడు గూడెం గొత్తికోయలతో తగాదా వచ్చింది. పొద్దున డ్యూటీకి వెళ్లిన మనిషి శవమై ఇంటికి చేరాడు. తర్వాత కొద్ది రోజులకే బెండాలపాడు గ్రామసభ కూర్చుని, గొత్తికోయలను ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని తీర్మానించింది. నిందితులు ఇద్దరు. పొమ్మన్నది మొత్తం గూడేన్ని.

ఆ హత్య వెనుక మావోయిస్టులు లేరు. అందుకని వామపక్ష తీవ్రవాద హింస లెక్కల్లో అది చేరదు. పోలీసు రికార్డులో అదొక హత్య కేసు. నా మటుకు నాకు, ఈ సరిహద్దు అడవిలో రెండు దశాబ్దాలుగా నడిచిన యుద్ధం ఏం మిగిల్చిందో తెలుసుకోవాలంటే మొదట చూడాల్సింది ఎర్రబోడునే.

కేంద్రం తీవ్రవాద ప్రభావిత జిల్లాల జాబితా ఒకటి నడుపుతుంది. 2018లో అది 126 జిల్లాల నుంచి 90కి తగ్గింది. 2021లో 70, 2024 ఏప్రిల్‌లో 38, మరుసటి ఏప్రిల్‌కు 18. అప్పటి ఆ 18లో మన భద్రాద్రి కొత్తగూడెం ఉండేది, పక్కన ములుగు ఉండేది. తుపాకీ మోత తగ్గడం మంచిదే. చర్ల, దుమ్ముగూడెం వైపు పొద్దుగూకితే తలుపులు బిగించుకున్న రోజులు తెలిసినవాళ్లెవరూ ఆ మాట కాదనరు. కానీ జాబితా తరిగిపోతుంటే అడగాల్సిన ప్రశ్న కూడా తరిగిపోతోందేమోనని నా భయం.

ఈ మధ్య కొన్ని నెలలుగా మన అడవి మీద అర్థశాస్త్ర, రాజనీతి పండితులు చేసిన పరిశోధనలు చదువుతున్నాను. చిన్నచూపుతో చదవలేదు. వాటిలో మనం నేర్చుకోవాల్సింది చాలా ఉంది. కిశోర్ గవాండే, దేవేశ్ కపూర్, శంకర్ సత్యనాథ్ 2017లో అచ్చువేసిన వ్యాసం చూడండి. హింస లెక్కలకు ఇంగ్లిషు పత్రికలు చాలవని, ప్రాంతీయ భాషల పత్రికల నుంచి చావులు పోగుచేశారు. అంటే మన మండల విలేకరులు రాసిన మూడు లైన్ల వార్తలు అంతర్జాతీయ పత్రికలో గణితమయ్యాయన్నమాట. ఆ లెక్క పక్కన ఉపగ్రహం తీసిన అడవి పచ్చదనం కొలతలు పెట్టారు. పచ్చదనం తగ్గిన ఏడు చావులు పెరిగాయని తేలింది. ఇప్పపువ్వు రాలక, తునికాకు సరిగా దిగక ఇంట్లో గింజలు నిండుకున్న ఏడు ఎలా ఉంటుందో గూడెంలో ముసలమ్మను అడిగినా చెబుతుంది. ఆమె మాటకు కొలత దొరికితే దాన్ని దిల్లీలో బల్ల మీద పెట్టి వాదించవచ్చు. అదీ పరిశోధన విలువ.

ఆలివర్ వాండెన్ ఐండే చేసిన మరో అధ్యయనం నన్ను నిద్రపోనివ్వలేదు. వానలు ముఖం చాటేసిన ఏడు మావోయిస్టుల చేతిలో సామాన్యుల చావులు పెరుగుతాయని ఆయన చూపించాడు. ఎందుకని? పంట పోయినవాడికి నాలుగు రూపాయలు ఎరవేసి కబురు రాబట్టడం పోలీసులకు తేలిక. అది దళానికీ తెలుసు. కాబట్టి ముందే భయపెడుతుంది. 'ఇన్ఫార్మర్' అనే మాట రాసిన కరపత్రం, దాని పక్కన శవం. ఇటువంటి ఫోటోలు మనం ఎన్ని చూశామో లెక్క లేదు. ప్రతిసారీ ఆ మనిషి ఇన్ఫార్మరా కాదా అని వాదించుకున్నాం. ఆ ఏడు వాన ఎంత పడిందని ఎవరమూ అడగలేదు.

ఉపాధి హామీ మీద ఆదిత్య దాస్‌గుప్తా, గవాండే, కపూర్ కలిసి చేసిన పని కూడా ఇలాంటిదే. పథకం వచ్చాక హింస తగ్గిందనీ, అదీ అన్నిచోట్లా కాదు, కూలి డబ్బులు చేతికి అందేలా యంత్రాంగం పనిచేసిన రాష్ట్రాల్లోనేననీ వాళ్లు తేల్చారు. ఆ రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉంది. మన ఎంపీడీవో ఆఫీసుల్లో మస్టర్లు రాసిన చిన్న ఉద్యోగులకు ఇంతకంటే పెద్ద కితాబు ఉండదు.

నా పేచీ ఈ పరిశోధనల నిజాయితీతో కాదు. అవన్నీ నిలబడిన కొలబద్దతో, అంటే జిల్లాతో.

ఒక్కో జిల్లా పట్టికలో ఒక్కో అడ్డవరుస. ఇక్కడి గీతలు ఎలాంటివో భద్రాచలం వాళ్లను అడగాలి. 1860లో నిజాం ఈ తాలూకాను బ్రిటిషువారికి వదిలాడు. 1874లో అది మద్రాసు వారి గోదావరి జిల్లాకు పోయింది. 1959లో ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం భద్రాచలం ఊరు మాత్రం తెలంగాణలో ఉంచి చుట్టూ ఉన్న గ్రామాలను ఆంధ్రకు ఇచ్చారు. రాముడి గుడి ఒక రాష్ట్రంలో, పురుషోత్తపట్నంలోని గుడి భూములు ఇంకో రాష్ట్రంలో ఉన్నాయి. చింతూరు మనిషి గడప దాటకుండానే ఖమ్మం నుంచి తూర్పు గోదావరికి, అక్కడి నుంచి 2022లో అల్లూరి జిల్లాకు మారాడు. పట్టికలో వరుసలు విడివిడిగా ఉంటాయి. అడవిలో అలా ఉండవు. కుంట వైపు పిల్లను ఇచ్చినవాడు చర్ల సంతకు ఉప్పు కొనడానికి వస్తాడు.

2004 అక్టోబరులో హైదరాబాద్‌లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ చర్చలు జరిగాయి. 2005 జనవరికల్లా అంతా చెడింది. గ్రేహౌండ్స్ పోలీసుల వేట మళ్లీ మొదలైంది. దళాలు దండకారణ్యం లోపలికి తప్పుకున్నాయి. అదే ఏడాది జూన్‌లో సరిహద్దు అవతల, మావోయిస్టులకు ఎదురుగా, సల్వాజుడుం దండు పుట్టింది. ఊళ్లు తగలబడ్డాయి. 644 ఊళ్లు ఖాళీ అయ్యాయన్నది తరచుగా చెప్పే లెక్క. శిబిరాలకు వెళ్లనివాళ్లు పిల్లల్ని చంకనేసుకుని మన వైపు నడిచారు. దళాలు అటు, జనం ఇటు. పట్టికలో మాత్రం ఖమ్మం వరుసలో హింస తగ్గింది, దంతెవాడ వరుసలో పెరిగింది. ఒకే నిప్పు పక్క పొయ్యిలోకి మారితే, ఈ పొయ్యి ఆరిందని రాసుకున్నట్టు అయింది.

అలా వచ్చినవాళ్లనే మనం గొత్తికోయలంటున్నాం. అటు వైపు వాళ్లను మురియాలంటారు. ఎంతమంది వచ్చారన్నదానికి అంచనాలు వేలల్లో ఉన్నాయి. ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. రిజర్వు ఫారెస్టులో వాగు దొరికిన చోట గుడిసె వేశారు, చెలమ తవ్వుకున్నారు, పోడు కొట్టారు. ఛత్తీస్‌గఢ్‌లో వాళ్లు ఎస్టీలు. ఇక్కడ ఆ సర్టిఫికెట్ రాదు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్నవారికే పట్టా అంటుంది. సల్వాజుడుం మొదలైంది జూన్‌లో. అంటే జుడుం పుట్టిన ఆరు నెలలకే హక్కుల గేటు మూతపడింది. ఎక్కువమంది ఆ గేటు మూతపడ్డాక వచ్చినవాళ్లే. అదే చట్టంలో 3(1)(ఎం) అనే నిబంధన ఉంది: ఆ తేదీకి ముందు అక్రమంగా వెళ్లగొట్టబడిన ఆదివాసులకు ప్రత్యామ్నాయ భూమి ఇవ్వాలి. ఆ ఆరు నెలల్లో వచ్చినవాళ్లకైనా అది పనికి రావచ్చు. కాలిపోయిన ఊరి నుంచి ఏ నెలలో బయలుదేరారో రుజువు చేసే కాగితం ఎవరిస్తారు?

ఇక్కడి కోయల బాధ కూడా చెప్పాలి. తరాలుగా పట్టా కోసం తిరుగుతున్నవాళ్లు, తమ గూడెం వెనక అడవి నరికి పోడు పెరుగుతుంటే చూస్తూ ఊరుకోలేరు. చేతికర్ర తప్ప ఏమీ లేని బీట్ ఆఫీసరు బాధ మరొకటి. వీళ్లెవరూ ఒకరికొకరు పుట్టు శత్రువులు కాదు. ఒకే నేల మీదికి ముగ్గురినీ నెట్టినదేదో ఉంది. దాని పేరు ఏ జాబితాలోనూ లేదు.

కాంగోలో ఐక్యరాజ్యసమితి శాంతి సేనల మీద సెవరీన్ ఓటెస్సేర్ 2010లో ఒక పుస్తకం రాశారు. ఆ సేనల్లో మన భారత జవాన్లు పెద్ద సంఖ్యలో పనిచేశారు. పెద్ద నాయకుల మధ్య ఒప్పందాలు, ఎన్నికలు అయితే శాంతి వచ్చినట్టేనని వెళ్లినవాళ్లు అనుకున్నారనీ, ఊళ్లలో నేల కోసం జరిగే తగాదాలను తమ పని కాదని పక్కన పెట్టారనీ, వాటి నుంచే హింస మళ్లీ మళ్లీ రాజుకుందనీ ఆమె వాదన. ఆ పేజీలు చదువుతుంటే కాంగో పేరు తీసి చండ్రుగొండ అని పెట్టుకోవాలనిపించింది.

మనకు ఇంకో రకం చదువరుల వారసత్వం ఉంది. 1987 డిసెంబరులో గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఎత్తుకుపోయిన ఐఏఎస్ అధికారుల్లో ఎస్.ఆర్. శంకరన్ ఒకరు. పదేళ్ల తర్వాత అదే మనిషి పౌర స్పందన వేదికకు ముందుండి, ఇరు పక్షాల చేతిలో చనిపోయిన ఇళ్లకూ వెళ్లి కూర్చున్నాడు. ఆ వేదికలో ఉన్న రాజనీతి ఆచార్యుడు జి. హరగోపాల్ మావోయిస్టులు ఎత్తుకుపోయిన కలెక్టర్లను విడిపించడానికి, 2011లో మల్కన్‌గిరి కలెక్టర్ కోసం, 2012లో సుక్మా కలెక్టర్ కోసం మధ్యవర్తిగా నిలబడ్డారు. ఇంకొక రాజనీతి ఆచార్యురాలు శాంతా సిన్హా, బాలల హక్కుల జాతీయ కమిషన్ అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు, 2007 డిసెంబరులో ఆ కమిషన్ దంతెవాడ, బీజాపూర్‌లతో పాటు ఖమ్మం కూడా వచ్చింది. గీతకు రెండు వైపులా ఉన్న పిల్లలను ఒకే ప్రశ్నగా చూసింది. ఆ చూపు ఇప్పుడు కావాలి.

అందుకని కాకతీయ, ఉస్మానియా, హైదరాబాద్ విశ్వవిద్యాలయాల ఆచార్యులను చేతులెత్తి అడుగుతున్నాను. జిల్లాను వదిలి గూడేన్ని కొలబద్ద చేసుకోండి. కోయ మాట వచ్చిన పిల్లలను పరిశోధకులుగా తీసుకోండి. భద్రాచలం డిగ్రీ కాలేజీల్లో వాళ్లకు కొదవ లేదు. ఏ ఊరి నుంచి, ఏ నెలలో, ఎవరి చేతిలో ఇల్లు కాలితే వచ్చారో, తిరిగి వెళ్లాలనుకుంటున్నారో లేదో అడిగి రాయండి. ఆ కాగితమే రేపు 3(1)(ఎం) కింద రుజువు కావచ్చు. ప్రభుత్వాలూ ఆ లెక్క తేలేదాకా గుడిసెలు కూల్చడం ఆపాలి. లెక్క తెలియకుండా పట్టాలిచ్చినా ఇక్కడి కోయలకు అన్యాయమే. తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, ఆంధ్ర అధికారులు ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే తప్ప ఇది తెగదు.

మిర్చి కోతల కాలంలో ఆ అడవి నుంచి మనుషులు ట్రాక్టర్ల మీద మన చేలకు వస్తారు. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా మిర్చి చేల నుంచి బీజాపూర్‌కు కాలినడకన బయలుదేరిన 12 ఏళ్ల పాప ఇల్లు చేరకుండానే దారిలో ప్రాణం వదిలింది. ఆ పాపను కూడా యుద్ధం లెక్కలో ఎవరూ రాయలేదు.

16 ఏళ్ల తర్వాత దేశంలో మళ్లీ జనగణన జరుగుతోంది. 2027 ఫిబ్రవరిలో జనాన్ని లెక్కిస్తారు. అది కోతలు ఊపు మీద ఉండే నెల. ఎన్యూమరేటర్ ఎర్రబోడు లాంటి గూడేలకు వెళ్లేసరికి సగం గుడిసెలు తడికెలు కట్టి ఉంటాయి. మిర్చి చేను గట్టున వేసిన పరదాల దగ్గరకు కూడా ఆయన్ను పంపండి. దయచేసి వెంట కోయ మాట తెలిసిన మనిషిని కూడా పంపండి.