గట్టు మీద భేరి వినపడాలె

దామరచర్ల వాళ్లకు చప్పుడంటే కొత్తేం కాదు. నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీద రాత్రీ పగలూ లారీలే. విష్ణుపురం వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, ఇటు వీర్లపాలెంలో యాదాద్రి థర్మల్ ప్లాంటు. ఇంత మోతలో బతుకుతూ కూడా రెండేళ్లకోసారి మాఘమాసం రాగానే మన దిక్కు జనం ఇంటికి తాళమేసి, ఇంకో చప్పుడు కోసం సూర్యాపేట బాట పడతారు. అదే పెద్దగట్టు చప్పుడు.

పట్నాల్లో మ్యూజిక్ ఫెస్టివల్ అంటే ఎండాకాలం సెలవులు, పెద్ద మైదానం, స్టేజీ, లైట్లు, చేతికి టికెట్టు పట్టీ. మా పిల్లలు ఫోన్లో అవి చూసి "మన దగ్గర ఇట్లాంటివి ఉండవా?" అని అడుగుతుంటారు. ఎందుకుండవు? ఎండలు ముదరకముందే, దురాజ్‌పల్లి గుట్ట మీద ఐదు రోజులు ఉంటుంది. మేడారం తర్వాత తెలంగాణలో అంత పెద్ద జాతర ఇదేనని పేరు. కాకపోతే స్టేజీ ఉండదు, టికెట్టు ఉండదు. వచ్చినోళ్లే వాయిస్తారు, వచ్చినోళ్లే ఆడతారు. చూడడానికి వచ్చినవాడు కూడా కాసేపటికి "ఓ లింగా... ఓ లింగా" అని గొంతు కలుపుతాడు.

మొన్న 2025లో ఫిబ్రవరి 16 నుంచి 20 దాకా జరిగింది. మొదటి రోజు కేసారం నుంచి దేవరపెట్టె గట్టుకు చేరుతుంది. రెండో రోజు చౌడమ్మ తల్లికి బోనాలు. మూడో రోజు చంద్రపట్నం, నాలుగో రోజు నెలవారం, ఐదో రోజు మకరతోరణం ఊరేగింపు. ఈ ఐదు రోజులూ భేరీలు మోగుతుంటాయి. కాళ్లకు గజ్జెలు, చేతుల్లో కటార్లు, నెత్తిన గంపలు... లింగమంతుల స్వామి దగ్గరికి యాదవుల ఇళ్ల నుంచి జనం గుంపులు గుంపులుగా ఎక్కుతుంటే, ఆ దరువు చెవికంటే ముందు ఛాతీకి తగులుతుంది.

హైదరాబాద్ నుంచి మొదటిసారి వచ్చిన ఒక కుర్రాణ్ణి "ఎట్లుంది?" అని అడిగాను. "అన్నా, కచేరీకి పోతే అందరం ఒకవైపే చూస్తాం. ఇక్కడ ఎటు తిరిగినా ఎవడో ఒకడు ఆడుతున్నాడు. నన్ను కూడా లాగిన్రు" అన్నాడు. వాడి చొక్కా మీద పసుపు మరకలు, మొహం నిండా నవ్వు. వచ్చినవాణ్ణి ప్రేక్షకుడిగా ఉండనివ్వకపోవడం, అదే ఈ జాతర గొప్ప.

కానీ అదే రోజు రెండో మాట కూడా విన్నాను. భేరి పక్కన పెట్టి చెట్టు నీడన కూర్చున్న ఒక పెద్దాయన చెప్పాడు. "బిడ్డా, మా భేరి చప్పుడు మావోళ్లకు ఎరుకైతది. జనంల తప్పిపోయినోడు ఆ చప్పుడు పట్టుకొని మా దగ్గరికి వచ్చేటోడు. ఇప్పుడు పక్కన నిలబడ్డోని మాటే ఇనపడతలేదు. ఎవలకోసం కొట్టాలె?"

ఆయన చెయ్యి చూపించిన వైపు ఒక ట్రాలీ. దాని మీద మనిషి ఎత్తు డీజే బాక్సులు. అందులోంచి సినిమా పాట. ఆ బాక్సుల ముందు నాలుగేళ్ల పాపను చంకనెత్తుకున్న ఒక తల్లి, తన రెండు చేతులతో పాప చెవులు మూసింది. తన చెవులు మూసుకోవడానికి ఇంకో చెయ్యి లేదు కదా!

డీజే పెట్టిన పిల్లలను తిట్టి లాభం లేదు. వాళ్లతోనూ మాట్లాడాను. "భేరి కొట్టేటోళ్లు మా ఊళ్లె ఇద్దరే మిగిలిన్రు. డీజే అయితే మాట్లాడుకుంటే వచ్చేస్తది, అందరం ఎగురుతాం" అన్నారు. అదీ నిజమే. పండక్కి ఎగరాలన్న కోరిక తప్పు కాదు. అయితే ఒక తేడా గమనించండి. భేరి కొట్టేవాడికి చెయ్యి నొస్తుంది, ఆగుతాడు. ఆ ఆగినప్పుడు మన చెవికీ విశ్రాంతి దొరుకుతుంది, పక్క ఊరి భేరికీ వంతు వస్తుంది. డీజేకు చెయ్యి నొయ్యదు. అది ఆగదు, వేరేవాడికి వంతు ఇవ్వదు.

చెవి సంగతి కూడా చిన్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల దాకా వినొచ్చు. అదే 100 డెసిబెల్స్ అయితే వారం మొత్తానికి 20 నిమిషాలే. అందుకే ఆ సంస్థ 2022లో కచేరీలు జరిగే చోట్లకు కొన్ని ప్రమాణాలు చెప్పింది. సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదు, వచ్చినవాళ్లకు చెవి రక్షణ సాధనాలు అందుబాటులో ఉంచాలి, చెవులకు కాస్త విరామమిచ్చే నిశ్శబ్ద స్థలం ఉండాలి. మన చట్టం కూడా ఊరుకోలేదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పండుగలకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదిలో 15 రోజులకు మించకుండా. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

గట్టు మీద నిషేధం పెట్టమని నేననడం లేదు. జాగా వేరు చేస్తే చాలు. డీజే బండ్లు గుట్ట కిందే, జనం బస చేసే చోటికి దూరంగా ఉండాలి. గుడి చుట్టూ, మెట్ల దారిలో భేరీలు, గజ్జెలు, గొంతులు మాత్రమే ఉండాలి. చంద్రపట్నం రోజు బైకాన్లు కథ చెప్పేటప్పుడు మైకు పోరు ఉండకూడదు. ఆ కథ వినడానికే రెండేళ్లు ఆగి వచ్చే ముసలివాళ్లున్నారు. ఇక ఊరికి ఇద్దరే మిగిలారన్న భేరి వాయిద్యగాళ్ల దగ్గర, జాతర లేని ఏడాదిలో నలుగురు పిల్లలు కూర్చొని దరువు నేర్చుకోవాలి. డీజే అద్దెకు చందాలేసుకునే యువకులు, అందులో కొంత ఈ పెద్దమనుషుల చేతిలో పెట్టినా పని మొదలవుతుంది.

మళ్లీ జాతర 2027లో. ఇప్పటినుంచే మనం చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. జాతర రోజుల్లో హైదరాబాద్-విజయవాడ హైవే బండ్లను నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా మళ్లిస్తుంటారు. కాబట్టి మన దిక్కు నుంచి పోయేవాళ్లు తెల్లవారుజామునే బయల్దేరితే మంచిది. చిన్నపిల్లల జేబులో ఇంటి ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. చెవుల్లో పెట్టుకునే దూది ఉండలు కూడా సంచిలో వేసుకోండి, కానీ దూదితో ఆగేది కొంతే. బాక్సులకు దూరంగా నిలబడడమే అసలు మందు. నీళ్ల సీసా, నెత్తికి తువ్వాల ఎలాగూ తప్పవు.

అన్నిటికంటే ముందు మీ ఊళ్లో భేరి ఎవరింట్లో ఉందో కనుక్కోండి. అటక మీద ఉంటే దింపించండి. తోలు బిగించాలంటే, దరువు కుదరాలంటే టైం పడుతుంది. జాతర ముందు వారం గుర్తొస్తే అందేది కాదు.