బూటు కోసం కాలు కోసుకుందామా?

ఈ మధ్య మా ఆఫీసులో సైకిలు జ్వరం బాగా ముదిరింది. ఒకప్పుడు సోమవారం పొద్దున కాఫీ మిషన్ దగ్గర కొత్త సినిమా కబుర్లు వినపడేవి. ఇప్పుడు గేర్ల లెక్కలు, టైర్లలో గాలి లెక్కలు, ఎవరి ఫ్రేము ఎన్ని గ్రాములన్న లెక్కలు. మంచిదే. కుర్చీకి అతుక్కుపోయిన జాతి మనది, నాలుగు పెడళ్ళు తొక్కితే నేనెందుకు వద్దంటాను? నేనూ ఆ బాపతే. నా గొడవల్లా బూట్లతో. అంటే బూట్ల గురించి మనవాళ్ళు ఒకరికొకరు పంచుకునే ఉచిత సలహాలతో.

ఆ సలహాల సారం మూడు ముక్కలు. "కార్బన్ అడుగున్నదే కొను. నీ మామూలు సైజే తీసుకో. కొత్తలో నొప్పెడుతుంది, వాడగా వాడగా అదే అలవాటవుతుంది." మూడూ తప్పే. మూడోదైతే ప్రమాదం కూడా. ఊరికే అనడం లేదు, అనుభవించి చెబుతున్నా.

రోడ్డు సైకిలు కొన్న ఆర్నెల్లకి నాకూ బూట్ల మీద మనసు పడింది. వారం రోజులు రివ్యూలు చదివాను. స్ప్రెడ్‌షీట్ వేశాను. అడుగు ఎంత గట్టిది, బరువెంత, డయల్ ఒకటా రెండా, అన్నిటికీ ఒక్కో కాలమ్. చివరికి ఇటలీ డిజైనుదొకటి ఆన్‌లైన్లో తెప్పించాను. సైజు 42. ఎందుకూ అంటే ఆఫీసు బూటు 42 కాబట్టి. అన్ని కాలమ్స్ వేసిన మహానుభావుడు ఒక్కటి మర్చిపోయాడు. నా కాలు!

మొదటి రోజే వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. నలభై కిలోమీటర్లు దాటేసరికి తిమ్మిరి. గ్రూపులో సీనియర్ని అడిగితే "నీ కాలు ఇంకా సైక్లిస్టు కాలు అవ్వలేదు తమ్ముడూ" అని నవ్వాడు. అదేదో వీరతిలకంలా అనిపించి నేనూ పళ్ళు బిగించాను. అలా నెల గడిచాక ఒక ఆదివారం చేవెళ్ళ మీదుగా అనంతగిరి గుట్టలకి వెళ్ళొచ్చాం. రానూపోనూ 130 కి.మీ. పైచిలుకు. తిరుగు ప్రయాణంలో కుడికాలి ముందు భాగం అసలు ఉందో లేదో తెలియని స్థితి. అప్పా జంక్షన్ దగ్గర ఎర్రలైటు పడింది. మడమ పక్కకి తిప్పి కాలు పెడల్ నుంచి విడిపించుకోవాలి. తిప్పాననే అనుకున్నాను. మొద్దుబారిన కాలికి అది ఊడిందో లేదో ఏం తెలుస్తుంది? సైకిలుతో సహా నరికిన అరటిచెట్టులా కుడి పక్కకి కూలబడ్డాను. వెనకాలే ఆర్టీసీ బస్సు. కీచుమని బ్రేకు. డ్రైవరన్న కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏం తమ్మీ, కాళ్ళు పన్జేస్తలేవా?" అన్నాడు.

ఆయన తిట్టాడనుకున్నాను గానీ, తర్వాత ఆలోచిస్తే నాకు ఆ నెలలో ఎదురైన ఒకే ఒక్క సరైన ప్రశ్న అది. పనిచేయడం లేదు మరి. వేళ్ళకి పూర్తిగా స్పర్శ రావడానికి పది రోజులు పట్టింది.

ఇంతకీ జరిగిందేమిటి? కాలివేళ్ళ మొదట్లో పొడుగాటి ఎముకలు పక్కపక్కనే ఉంటాయి. వాటి సందుల్లోంచి నరాలు వేళ్ళలోకి వెళతాయి. బూటు ఇరుకైతే ఎముకలు దగ్గరకి నొక్కుకుని మధ్యలో నరం నలుగుతుంది. పైగా మన ఎండకి, గంటల తరబడి తొక్కుడికి పాదం కాస్త ఉబ్బుతుంది. పొద్దున ఆరింటికి సరిపోయిన బూటు పదింటికి సరిపోదు. అలవాటయ్యేది ఇక్కడ ఏదీ లేదు. మెత్తటి తోలు వాడకంతో సాగుతుందేమో గానీ కార్బన్ అడుగు సాగదు. సాగకుండా ఉండటానికే దాన్ని కార్బన్‌తో చేశారు కదా! ఇక సర్దుకోవాల్సింది ఎముకా, నరమూ. అవి సర్దుకోవడమంటే దెబ్బతినడమే.

ఇహ ఆ కార్బన్ మోజు. 2003లో ఒక వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో కార్బన్ అడుగు బూట్లనీ, ప్లాస్టిక్ అడుగు బూట్లనీ పోల్చి చూశారు. కార్బన్ బూట్లలో పాదం కింద గరిష్ఠ ఒత్తిడి సుమారు 18 శాతం ఎక్కువగా తేలింది. పోటీల్లో దిగేవాడికి ఆ గట్టిదనం లాభం కావొచ్చు. ఆదివారం అరవై కిలోమీటర్లు తొక్కి ఇడ్లీ తిని ఇంటికెళ్ళే మనకి దానివల్ల ఒరిగేది అరికాలి మంట.

ఇక సైజు అంకె సంగతి. ఇంజనీర్లం కదా, కాస్త లెక్క చూద్దాం. యూరప్ సైజులో ఒక్కో అంకె సెంటీమీటరులో మూడింట రెండు వంతులు. అంటే 42 అంటే 28 సెం.మీ. అయితే అది మీ కాలి పొడవు కాదు, బూటు కుట్టడానికి వాడే అచ్చు పొడవు. అందులో వేళ్ళ ముందు ఎంత ఖాళీ వదలాలన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా చూసుకుంటుంది. కాబట్టి ఒకడి 42 ఇంకొకడి 42 కాదు. అంతకన్నా ముఖ్యం, ఆ అంకెలో వెడల్పు అనే మాటే లేదు. రెండు కొలతలున్న వస్తువుని ఒకే అంకెతో కొనేస్తున్నాం. ఇలాంటి డేటాబేస్ ఎవడైనా డిజైన్ చేస్తే మనం రివ్యూలో ఉతికి ఆరెయ్యమూ?

కాలిని సరిగ్గా కొలవడం తెలియక కాదు. అమెరికాలో చార్లెస్ బ్రానక్ అనే ఆయన 1920లలోనే కాలి పొడవూ, వెడల్పూ, వేళ్ళ మొదలు దాకా పొడవూ ఒకేసారి కొలిచే లోహపు పరికరం తయారు చేశాడు. వందేళ్ళయింది. నేను తిరిగిన ఏ సైకిలు షాపులోనూ అలాంటిది కనపడలేదు. "సార్, మీ నంబరెంత?" అని అడగడమే కొలత. అంతదాకా ఎందుకు, మా ఊళ్ళో కిర్రు చెప్పులు కుట్టే పెద్దాయన మా తాతని తోలు మీద నిలబెట్టి, పాదం చుట్టూ గీత గీసుకుని మరీ కోసేవాడట. రెండు కాళ్ళకీ విడివిడిగా! చదువురాని ఆయనకి తట్టింది, స్ప్రెడ్‌షీట్ వేసిన నాకు తట్టలేదు.

పైగా మన కాళ్ళు వేరు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల, లక్ష మందికి పైగా జనం పాదాలని త్రీడీ స్కానర్లతో కొలిచింది. యూరప్, అమెరికా వాళ్ళ కన్నా మన పాదాలు వెడల్పని తేలింది. మనకంటూ ప్రత్యేకంగా 'భ' అనే సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. 2024లో పేపర్లన్నీ ఈ వార్త వేశాయి. సన్నటి పాదాల కోసం చేసిన బూట్లో వెడల్పాటి పాదం దూర్చి, నొప్పెడితే "నీ కాలే సరిగా లేదు" అంటున్నాం. చెప్పు చిన్నదని కాలు కోసుకోవడం సామెత అనుకున్నాను ఇన్నాళ్ళూ.

నేను పడి లేచాను, సరే. నాకు అసలు కోపం తెప్పించింది ఇంకో సంగతి. మా టీములో కొత్తగా చేరిన అమ్మాయి మియాపూర్ నుంచి రోజూ మామూలు కాన్వాస్ బూట్లతో, బల్లపరుపు పెడళ్ళ మీద ఆఫీసుకి తొక్కుకుంటూ వచ్చేది. హాయిగా వచ్చేది. మన మేధావులు ఊరుకోరుగా! "ఈ బూట్లేంటి, సీరియస్‌గా తొక్కాలంటే క్లీట్లు ఉండాలి" అని వెంటపడ్డారు. జీతంలోంచి పన్నెండు వేలు పెట్టి కొంది. షాపులో ఆడవాళ్ళ సైజులు లేక మగవాళ్ళ చిన్న సైజు అంటగట్టారు. మడమ జారుతుంది, వేళ్ళు నొక్కుకుంటాయి. రెండు నెలలకి కాలినొప్పితో సైకిలే అమ్మేసింది. "నా ఒంటికి సైక్లింగ్ పడదు అన్నా" అంది నాతో. పడనిది సైక్లింగ్ కాదమ్మా అని చెప్పేలోగా సైకిలు వేరే ఇంటికి వెళ్ళిపోయింది. రోజూ తొక్కే ఒక మనిషిని మన ఫ్యాషన్ సలహాతో మానిపించాం. ఆ సలహా ఇచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పటికి నేనింకా బస్సు ముందు పడలేదు లెండి.

"మరి క్లీట్లు వద్దంటావా?" అని అడగొచ్చు. అనను. పెడల్‌కి బూటు బిగించే పద్ధతి మంచిదే. మంచు మీద జారే స్కీలకి బూట్లు బిగించే పరికరాలు చేసే లుక్ అనే ఫ్రెంచి కంపెనీ దాన్ని సైకిలుకి తెచ్చింది. 1985లో బెర్నార్ ఇనో ఆ పెడళ్ళతోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. కానీ ఇనో చాయ్ బండి దగ్గర దిగి, టైల్స్ మీద నడిచి, లిఫ్టు ఎక్కి మీటింగుకి వెళ్ళలేదు. మూడు బోల్టుల క్లీటు అడుగు నుంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, నునుపు నేల మీద జారుతుంది. రెండు బోల్టుల రకంలో అది అడుగులోకి ఒదిగి ఉంటుంది, మనిషిలా నడవొచ్చు. ఆఫీసుకైతే బల్లపరుపు పెడలూ, అడుగు మరీ మెత్తగా లేని మామూలు బూటూ చాలు. ఇది చిన్నతనమేమీ కాదు.

సరే, తిట్టింది చాలు. కొనేముందు ఏం చెయ్యాలో చెబుతాను. సాయంత్రం పూట, తొక్కేటప్పుడు వేసుకునే సాక్సుతోనే, మడమ గోడకి ఆనించి కాగితం మీద నిలబడండి. పెన్సిల్ నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీయండి. పొడవూ, ఎక్కువ వెడల్పున్న చోట వెడల్పూ రాసుకోండి. రెండు కాళ్ళకీ. పెద్ద కాలికే కొనండి. షాపులో బూటు లోపలి అట్ట బయటికి తీసి దాని మీద నిలబడండి. పాదం పక్కలకి పొంగిపోతే ఆ బూటు మీది కాదు, ఎంత డిస్కౌంటున్నా సరే. వేసుకున్నాక మడమ కదలకూడదు, వేళ్ళు కదలాలి. ఒదిగి ఉండటం వేరు, నొక్కడం వేరు. వెడల్పు రకాలు షిమానో, లేక్ లాంటి కంపెనీలు చేస్తాయి, అడిగి తెప్పించుకోండి. ఆన్‌లైన్లో అయితే వెనక్కి తీసుకుంటామన్న చోటే కొనండి.

ఎవరైనా కొత్తవాళ్ళు కాలు మొద్దుబారుతోందని చెబితే దయచేసి "అలవాటవుతుంది" అనకండి. "బూటు విప్పి చూపించు" అనండి.

తా.క.: నా ఇటలీ బూట్లు అమ్మేశాను. కొన్నాయన పాదం సన్నం, ఎంతో బాగున్నాయని మెసేజ్ పెట్టాడు. అమ్మేముందు కాగితం మీద గీయించి, కొలిచి మరీ ఇచ్చాను.