రఫ్ పుస్తకానికి జై!

మన ఇళ్ళల్లో పిల్లలకి రెండు రకాల పుస్తకాలుంటాయి. ఫేర్ పుస్తకానికి అట్ట, లేబిలు, ఎర్రగీత మార్జిను. రఫ్ పుస్తకానికి పరీక్షలయ్యాక పాతపేపర్లవాడి తక్కెడ. చుట్టాలొస్తే చూపించేది మొదటిది, మంచం కిందికి తోసేసేది రెండోది. ఈ అలవాటు మీద నాకు పెద్ద పేచీ ఉంది. నా తరఫున ఏ సాక్ష్యం తెస్తున్నానో తెలిస్తే నవ్వుతారు. మైన్‌క్రాఫ్ట్!

అదేనండీ, కంచంలో అన్నం చల్లారిపోతున్నా మీవాడు లేవకుండా కంప్యూటర్లో దిమ్మలు పేర్చుకుంటూ కూర్చుంటాడే, ఆ ఆట. 2023 నాటికి 30 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. దాని బాల్యం మాత్రం అచ్చంగా ఒక రఫ్ పుస్తకం.

2009 మే నెలలో స్వీడన్‌లో మార్కస్ పెర్సన్ అనే ప్రోగ్రామరు, ఒకపక్క ఉద్యోగం చేసుకుంటూనే దాన్ని మొదలుపెట్టాడు. సరైన పేరు కూడా కుదరక మొదట 'కేవ్ గేమ్' అన్నాడు, అంటే గుహల ఆట. ఆలోచనైనా పూర్తిగా సొంతమా అంటే, అదీ కాదు. జాకరీ బార్త్ అనే అమెరికన్ అదే ఏడాది తయారుచేసిన 'ఇన్ఫినీమైనర్' చూసి ఉత్సాహపడ్డాడు. ఆ మాట దాచుకోలేదు కూడా. మే 17 కల్లా ఉన్నదున్నట్టు జనం ముందు పెట్టేశాడు. ఏముంది అందులో? గడ్డి, మట్టి, రాయి, చెక్క! తవ్వడం, పేర్చడం. గెలుపు లేదు, ఓటమి లేదు, మార్కులసలే లేవు.

మనమైతే ఏమనేవాళ్ళం? "ముందు పూర్తిచెయ్యి, తర్వాత చూద్దాం. నలుగురూ నవ్విపోతారు!"

అతను ఆగలేదు. జూన్‌లోనే 9.95 యూరోలకి అమ్మకం పెట్టాడు. సగం వండిన కూర వడ్డించి డబ్బు పుచ్చుకోవడం మోసం కాదా అని అడుగుతారేమో. పూర్తయిందని చెప్పి వడ్డిస్తే మోసమే. అతను పూర్తికాలేదనే చెప్పాడు, అందుకే ధరా తక్కువే పెట్టాడు. 2010 డిసెంబరులో 'బీటా' దశకి వచ్చాక 14.95, 2011 నవంబరు 18న పూర్తి ఆట విడుదలయ్యాక 19.95. రెండున్నరేళ్ళపాటు ఆడేవాళ్ళ కళ్ళముందే ఆట పెరిగింది. వారం వారం సీరియల్ చదివే మనకి ఇందులో వింతేముంది? ముగింపు రాయకముందే మొదటి భాగం అచ్చయిపోదూ? పాఠకుల ఉత్తరాలు చూసి రచయిత్రి కలం కాస్త పక్కకి తిరగదూ?

ఇంకో సంగతి వినండి. ఆ ఆటలో క్రీపర్ అని ఒక పచ్చటి భూతం ఉంది, చప్పుడు లేకుండా వచ్చి పేలిపోతుంది. పిల్లల బనీన్ల మీదా, పుట్టినరోజు కేకుల మీదా మీరు చూసే మొహం అదే. అతను గియ్యబోయింది పందిని! పొడుగూ ఎత్తూ తారుమారై ఈ వికారం తయారైంది. కొట్టిపారెయ్యకుండా ఉంచుకున్నాడు. మన బళ్ళో అయితే ఎర్రసిరాతో సున్నా పడేది. ఆ సున్నాతో క్రీపరూ పోయేది.

ఇక అసలు బాధ చెబుతాను. ఫేర్ పుస్తకం పిచ్చికి మగపిల్లలకంటే ఎక్కువ బలయ్యేది మన ఆడపిల్లలు. చేతిరాత గుండ్రంగా ఉండాలి, మొదటిసారే రొట్టె గుండ్రంగా రావాలి, మొదటి పాటే శ్రుతిలో ఉండాలి. బాగా వచ్చాకే చూపిద్దామని ట్రంకుపెట్టెల్లో దాచిపెట్టిన కథలు, సగం గీసిన బొమ్మలు మన వంశాల్లో ఎన్నో! బాగా రావడమన్నది నలుగురికీ చూపించాక మొదలయ్యే పని. దాచిపెట్టినంత కాలం దానికి ఎదుగుదల ఎక్కణ్ణించి వస్తుంది?

2014లో మైక్రోసాఫ్ట్ ఆ ఆట తయారుచేసే మోజాంగ్ కంపెనీని 250 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. పదేళ్ళ పండగకి, 2019లో, వాళ్ళు ఏం బయటికి తీశారనుకున్నారు? ఆ తొలినాటి ఆటనే! 32 రకాల దిమ్మలతో, అప్పటి తప్పులతో సహా, ఎవరైనా ఊరికే ఆడుకోండని ఇంటర్నెట్లో పెట్టారు. అంత డబ్బున్నవాళ్ళు రఫ్ పుస్తకాన్ని తక్కెడలో వెయ్యలేదు, ముందుగదిలో పెట్టారు.

కనుక అమ్మలూ, అమ్మమ్మలూ, ఈసారి మీ అమ్మాయి వంకరటింకర బొమ్మొకటి తెచ్చి చూపిస్తే, "ఇదేం బొమ్మే?" అనకండి. "తర్వాత ఏం పెడతావే ఇందులో?" అని అడగండి.