కొండ దారిలో మా సైకిళ్లు

విహారయాత్ర అంటే మన హాస్టళ్లలో ఒకటే అర్థం. బస్సెక్కి విశాఖ వెళ్లడం, జూ, కైలాసగిరి, బీచ్ చూసి, పులిహోర పొట్లాలు తిని రాత్రికి తిరిగి రావడం. మేమూ మూడేళ్లు అలాగే వెళ్లొచ్చాం. అది తప్పని అనం. కానీ పాలకొండ దాటితే కనిపించే ఆ కొండల్లో ఏముందో మాలో ఎవరికీ తెలియదు. మా గదిలోనే ఒక సవర మిత్రుడున్నాడు. వాడి ఊరు ఎలా ఉంటుందని మూడేళ్లలో ఒక్కసారీ అడగలేదు. వాడి మాట తీరును అనుకరించి నవ్వడం మాత్రం బాగా వచ్చు మాకు. రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఈ ఏడాది సంక్రాంతి పండుగ అయ్యాక, సెలవులు మిగిలుండగానే, ఎనిమిది సైకిళ్ల మీద సీతంపేట ఏజెన్సీకి వెళ్లాం. ఇలాంటి యాత్ర ప్రతి హాస్టల్లోనూ ఏటా జరగాలని మా అభిప్రాయం. అది ఎందుకో, ఎలాగో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందు నెల దగ్గరే పెద్ద వాదన జరిగింది. దసరా సెలవులు ఎక్కువ కదా అన్నారు కొందరు. అక్టోబరంటే మన జిల్లాలకు తుపాన్ల నెల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీకి కొబ్బరి, జీడి తోటలు కూలిపోయిన ఇళ్ల పిల్లలు మాలోనే ఉన్నారు, వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఎండాకాలం పది దాటితే పెడలు తొక్కలేం. వానాకాలం కొండ జ్వరాలు. అలా జనవరి మిగిలింది.

జ్వరం మాటెత్తగానే వార్డెన్ మాస్టారు గిడుగు రామమూర్తి పంతులుగారి సంగతి చెప్పారు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన ఆయన, పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. అయినా మానలేదు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు అందరికీ తెలుసు. సవరల గిడుగు మాత్రం మా పాఠంలో రెండు ముక్కలే. ఆయన ముందు భాష నేర్చుకుని తర్వాత కొండెక్కారని విన్నాక, మేమూ మా మిత్రుడి దగ్గర కూర్చుని తలా పది మాటలు నేర్చుకున్నాం. ఈసారి మా ఉచ్చారణకు నవ్వడం వాడి వంతు అయింది.

సైకిళ్లు కూడబెట్టడం అంత సులువు కాలేదు. ఎనిమిదింటిలో గేర్లున్నది ఒక్కటీ లేదు. రెండు ఆదివారాలు పంచర్ల షాపులో కూర్చుని ట్యూబు విప్పడం, గరుకు కాగితంతో రుద్దడం, సొల్యూషన్ రాసి ప్యాచ్ అంటించడం నేర్చుకున్నాం. షాపతను ఒక మాట గట్టిగా చెప్పాడు: ఎక్కేటప్పుడు కాళ్లు చూసుకోండి, దిగేటప్పుడు బ్రేకు రబ్బర్లు చూసుకోండి. ఎనిమిది సైకిళ్లకూ రబ్బర్లు మార్చాం. తలా రెండు వందలు వేసుకున్న డబ్బులో సగం దానికే పోయింది. దోమతెరలు, బెల్లం, అటుకులు ఇళ్ల నుంచి తెచ్చుకున్నాం.

బయలుదేరే వేళలు మాత్రం మా మిత్రుడే నిర్ణయించాడు. ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగులు ఆ ప్రాంతాల్లో తిరుగుతున్నాయి. అందుకని పొద్దెక్కాకే కదలాలి, చీకటి పడకముందే ఆగాలి, ప్రతి ఊళ్లో గుంపు ఎటుందో అడగాలి. చీకటితో లేచి దూరం కొట్టేద్దామనుకున్న మా ప్లాను అంతటితో సరి.

మొదటి రోజు ఆమదాలవలస మీదుగా పాలకొండ. అక్కడ మన పూర్వ విద్యార్థి అన్నయ్యగారింట్లో పడక. రెండో రోజు సీతంపేట దారిలో ఎత్తు మొదలయ్యాక తొక్కిన దానికన్నా తోసిందే ఎక్కువ. సీతంపేట 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసింది. జిల్లా పేరు మారినా ఎత్తు తగ్గలేదు లెండి.

మిత్రుడి ఊరి మొదట్లో ఒక గొడవ జరిగింది. వాడు దిగి, "ఇక్కణ్ణించి అందరూ సైకిలు దిగి నడవండి" అన్నాడు. మాలో ఒకడు దిగనన్నాడు. వాడి తాత కాలంలో వాళ్ల ఊళ్లో మన వాళ్లెవరూ పెద్దల వీధిలో సైకిలెక్కి పోకూడదు. దిగి, నడిపించుకుంటూ పోవాలి. ఆ తాత కొనుక్కున్న సైకిలునే వీడు బాగు చేయించి తెచ్చాడు. "మా తాత దిగాడు, నేను దిగను" అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు చూసి మాకెవరికీ నోరు రాలేదు.

సవర మిత్రుడికి కోపం రాలేదు. "ఎవరికీ భయపడి దిగమనట్లేదురా. చూడు, వీధినిండా కందులు ఆరబోశారు. ముసలాళ్లు అరుగుల మీద ఉన్నారు, పిల్లలు అడ్డం వస్తారు. మేమూ దిగే నడుస్తాం" అన్నాడు. ఎదురెదురు వరసల ఇళ్ల మధ్య ఇరుకైన వీధి అది. వాడు కాసేపు నిలబడి దిగాడు. దిగమనడంలో రెండు రకాలున్నాయని మాకు అక్కడ తెలిసింది. అవమానపడ్డ ఇళ్ల నుంచి వచ్చిన మనమే, పక్క మంచం వాడి యాసకు మూడేళ్లు నవ్వామన్నది కూడా అక్కడే గుర్తొచ్చింది. ఆ రాత్రి వాళ్లమ్మ పోసిన చోడి అంబలి తాగుతుంటే, మా పది సవర మాటలు అయిదు నిమిషాల్లో అయిపోయాయి.

మూడో రోజు కొత్తూరు, హిరమండలం మీదుగా తిరిగొచ్చాం. మూడు పంచర్లు, ఒక చైను తెగింది. అంతకు మించి చెప్పేదేం లేదు.

ఇక అసలు ఫిర్యాదు. బాలికల హాస్టల్ చెల్లెళ్లు ఆరుగురు పేర్లిచ్చారు. వాళ్లకు అనుమతి రాలేదు. ఆడపిల్లలు సైకిళ్ల మీద కొండలకా అన్నారట. తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1991 నాటి అక్షరాస్యతా ఉద్యమంలో పల్లెటూరి ఆడవాళ్లు వేలాదిగా సైకిలు నేర్చుకున్నారు. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి బాలికలకు ప్రభుత్వమే సైకిళ్లిచ్చింది. మన రాష్ట్రంలోనూ హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు పంచారు. బడి దాకా తొక్కవచ్చు గాని బడి దాటి తొక్కకూడదంటే ఎలా? ఏనుగులు, జ్వరాలు, ఘాట్ రోడ్డు మాకూ ఉన్నాయి కదా. తోడుగా ఒక టీచరమ్మ, రాత్రి పడకకు ఏదైనా బాలికల ఆశ్రమ పాఠశాల ఏర్పాటు చేస్తే సరిపోతుంది. ఈ ఏర్పాట్లన్నీ రాసి, తల్లిదండ్రుల సంతకాలతో చెల్లెళ్లు వచ్చే జనవరి కోసం ఇప్పుడే దరఖాస్తు పెట్టారు. కింద మేమూ సంతకాలు చేశాం.

ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీ అటక మీదో, పశువుల శాలలోనో పాత లేడీస్ సైకిలు మూలనపడి ఉంటే వార్డెన్ మాస్టారికి కబురు పెట్టండి. ఆరు కావాలి. తుప్పు పట్టినా ఫర్వాలేదు, బ్రేకు రబ్బర్లు మేం వేయించుకుంటాం.