పునాది రోజున ఎక్కడున్నారు?

డెబ్బై ఐదు గజాల లోపు జాగాలో, పైన ఒక్క అంతస్తు వరకు, ఇంటికి ఇజాజత్ అక్కర్లేదు. రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. 2020 టీఎస్ బీపాస్ చట్టం ఇది. వరంగల్ బల్దియాకూ ఇదే ఖానూన్. మరి మండిబజార్ గల్లీలో స్లాబ్ వేసేరోజు దిల్ ఎందుకు దడదడలాడుతుంది?

ఆ రూపాయి వెనక కాగజ్ ఉంది. జాగా నీదేనని చూపాలి. మా ఇల్లు ఇంకా దాదా పేరునే ఉంది. విరాసత్ పంచుకోండి, ఆడబిడ్డలకూ హిస్సా ఇవ్వండి అన్నది అల్లా హుకుం. మేం షాదీలకు కూర్చున్నాం, కొట్లాటలకు కూర్చున్నాం, పంపకానికి మాత్రం ఒక్కసారీ కూర్చోలేదు. ఈ కసూర్ మనదే.

మిగతాది బల్దియాది. పునాది తీసేటప్పుడు రావాల్సిన తనిఖీ స్లాబ్ పడ్డాక వస్తే ఏం ఫాయిదా? గరీబు అప్పు తెచ్చి పోసిన కాంక్రీటు మీద సుత్తి పడితే అది ఇన్సాఫా? ఇజాజత్ లేని కట్టడాన్ని నోటీసు లేకుండానే కూల్చే ఇఖ్తియార్ ఖానూన్ ఇచ్చింది. ఇఖ్తియార్ తీసుకున్నవాళ్లు జిమ్మేదారీ కూడా తీసుకోవాలి. 2020 ఆగస్టులో నగరం మునిగాక గానీ నాలాల మీది కట్టడాలు సర్కారుకు యాదికి రాలేదు. అవేమన్నా ఒక్క రాత్రిలో లేచాయా?

భాయియో, బహెనో! ముందు మన కాగజ్ సరిచేసుకుందాం. ఆ తర్వాత బల్దియా గుమ్మంలో నిలబడి అడుగుదాం: పునాది రోజున మీరెక్కడున్నారు సాబ్?