కౌంటు తెలీని దోమ

మనవడికి చలిజ్వరం. రక్తం చూస్తే మలేరియా. "తాతా, గిల్లేసూగూరులో అందర్నీ దోమలు కుడతాయి గదా, నాకే ఎందుకొచ్చింది?" అన్నాడు.

అన్ని దోమలూ దాన్ని మోయవు. రొనాల్డ్ రాస్ దొర రెండేళ్లు దోమల్ని కోసీ కోసీ విసిగిపోయాడు, జాతి వేరు గనక. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో అనాఫిలిస్ కడుపులో క్రిమి దొరికింది.

ఆ జాతిలోనూ మన పల్లెల్లో ఉండే క్యూలిసిఫేసిస్ ఐదు రకాలు: ఏ, బీ, సీ, డీ, ఈ. పైకి అన్నీ ఒక్కటే. తేడా పుట్టుకతో వచ్చిన క్రోమోజోముల్లో. బీ రకం మలేరియాని మోసేది బహు తక్కువ. మిల్లులో నూలు చూళ్లేదూ, రంగు ఒకటే, కౌంటు వేరు. నూలైతే చేత్తో పట్టి చెప్పేవాళ్లం. దోమకి ఆ వీల్లేదు.

జ్వరం దిగింది, మాత్రలు ఆపేస్తానంటాడు. 14 రోజులకి రాసిచ్చారు, ఇంకా 6 రోజులుంది. దోమతెర పక్కన కూచుని నేనే మింగిస్తున్నా.