కౌజుపిట్ట చిన్నకోడి కాదు

కౌజుపిట్టలను పెంపదలచినవానికి మన పల్లెలలో మొట్టమొదట లభించు ఉపదేశ మొక్కటే: ఇది మొండిపిట్ట, దీనికి రోగము రాదు, టీకా అక్కరలేదు, చేతికందిన నూకలో తవుడో చల్లినను, కోళ్ళషెడ్డులో మిగిలిన దాణా వేసినను బ్రదుకును. ఈ మాటలలో మొదటి సగము చాలవరకు సత్యము. ఆ సత్యమును వెంటబెట్టుకొని వచ్చుటచేతనే రెండవ సగములోని అసత్యము విచారణ లేకుండ చెల్లిపోవుచున్నది. రోగమును తట్టుకొను పక్షి ఆకలినిగూడ తట్టుకొనునని నమ్మి, నోరులేని పిట్టల గూళ్ళయెదుట ఆ నమ్మకమునే మేతగా పోయుచున్నవారిని చూచి చూచి, ఊరకుండలేక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఈ మతమువారు చూపు ప్రధాననిదర్శనము పొలములోని పూరేడు. గట్లవెంబడి గడ్డిగింజలు ఏరుకొని తిను పిట్టకు సోయాచెక్క ఎవరు వేసిరని వారి ప్రశ్న. కాని పూరేడు తన పిల్లలను మొదటి దినములలో దేనిమీద పెంచుచున్నదో వారు చూచినట్లు లేదు. గ్రుడ్డునుండి వెడలిన పిల్ల తల్లివెంట తిరుగుచు చెదలను, చీమలను, చిన్న పురుగులను ఏరి తినును. మాంసకృత్తులు మెండుగా గల ఆ మేత పొలమున ఉచితముగా దొరకుచున్నది గనుక దానికి సోయాచెక్క అక్కరలేదు, అంతియే. అంతకు మించిన భేదము మరియొకటి కలదు. మన కోరమాండల్ తీరపు పేరునే శాస్త్రనామములో ధరించిన పూరేడు ఋతువు వచ్చినపుడు ఆరేడు మొదలు పది గ్రుడ్ల వరకు పెట్టి పొదుగుటకు కూర్చుండును. 1974లో కాలిఫోర్నియానుండి మన దేశమునకు తెచ్చి, తరువాత ఇజ్జత్‌నగరులోని పక్షి పరిశోధన సంస్థవారు వృద్ధిచేసిన జపాను కౌజుపెట్టయో, ఆరేడు వారముల ప్రాయమున గ్రుడ్డు ప్రారంభించి, ఏడాదికి 250కి పైగా పెట్టును. గ్రుడ్డు పది గ్రాములు. పెట్ట తూకము 180 గ్రాములు. అనగా తన దేహమునకు పదునాలుగు రెట్ల బరువును ఒక్క సంవత్సరములో తననుండి తీసి మనకిచ్చుచున్న ప్రాణిని, ఏడాదికి పది గ్రుడ్లు పెట్టు పొలముపిట్టతో పోల్చి మేత కొలుచుట ఏ న్యాయము?

పోయిన వేసవిలో ఒక చిన్న షెడ్డునకు వెళ్ళితిని. యజమాని వృద్ధుడు, మంచివాడు. ఎవరో చెప్పినమాట నమ్మి రెండు నెలలుగా నూకలును తవుడును మాత్రమే వేయుచున్నాడు. ఒక గ్రుడ్డు తీసి నా అరచేతిలో పెట్టెను. మచ్చలు లేవు, పెంకు లేదు. తడిసిన కాగితమువంటి పొర వ్రేలితో నొక్కిన చోట లొత్తపడి, అట్లే నిలిచెను. తోలుగ్రుడ్డు. గూటిమూలన ఒక పెట్ట కాళ్ళు చాచుకొని పడియుండెను, నిలుపబోయితిని, నిలువలేదు. "గట్టిపిట్టలన్నారు కదండీ, ఏ పాడుకళ్ళు పడ్డాయో!" అని ఆయన వాపోయెను.

పడినది దృష్టి కాదు. గ్రుడ్డుపెంకు ఒక్కొక్కదానిలో సుమారు 300 మిల్లీగ్రాముల కాల్షియ ముండును. దినమునకు 25 గ్రాముల నూకలు తిన్న పెట్టకు వానినుండి పది మిల్లీగ్రాములైనను చేరదు. మిగిలినది ఎచ్చటినుండి రావలెను? తన యెముకలనుండి తీయును. తీసి తీసి, తీయుటకు మిగులనినాడు తోలుగ్రుడ్డు పెట్టును, పిమ్మట కాళ్ళు చాచును. గ్రుడ్డుపెట్టు కౌజు దాణాలో నూటికి ఇరువది పాళ్ళు మాంసకృత్తులును, రెండున్నర మొదలు మూడుపాళ్ళ వరకు కాల్షియమును ఉండవలెననుట ధనికుల వేడుక కాదు. ఆ పెట్ట యెముకలు దానియొద్దనే నిలుచుటకు కావలసిన కొలత.

కోళ్ళదాణా సంగతి. గ్రుడ్లకోళ్ళకు వేయు లేయర్ దాణాను కౌజుపిల్లలకు పోయువారు కలరు. పిల్లకు నూటికి ఇరువదినాలుగు పాళ్ళ మాంసకృత్తులు కావలసియుండగా అందు పదునారు, పదునెనిమిదికి మించి ఉండవు. ఒక్కపాలుకంటె తక్కువ చాలు కాల్షియము మూడుపాళ్ళకు పైబడి యుండును. పుట్టినపుడు ఏడెనిమిది గ్రాములు తూగు ఆ పసిప్రాణి ఒకవంక ఎదుగుదలకు చాలక, మరియొకవంక అధికమైన సున్నమును విసర్జింపలేక మూత్రపిండములు చెడి చచ్చును. బ్రాయిలర్ స్టార్టర్ కొంత మేలని నేనును ఒప్పుకొందును. రవ్వవలె మరల విసరి, సోయాచెక్క కొంత కలిపినయెడల అవసరము గడచును. విసరకుండ వేసినచో ఆ గుళికలు పిల్లముక్కునకు పట్టవు. తొట్టి నిండుగానే యుండును, పిల్లలు పస్తుండును.

ఖర్చు భరింపలేమందురు. పేదరైతు పలుకు ఈ మాటను నేను తేలికగా త్రోసివేయను. కాని లెక్క చూడుడు: మొదటి రెండు వారములలో ఒక పిల్ల తిను దాణా ఇంచుమించు నూరు గ్రాములు. మంచిదాణా అత్యవసరమైన దినములలోనే అది అత్యల్పముగా తినుచున్నది. ఆ నూరు గ్రాములలో మిగిల్చిన కాసులు చచ్చిన పిల్లల విలువకు సరితూగునా? చౌకగా వచ్చినదని ముక్కిన వేరుశనగచెక్క కొనుట అంతకంటె ఘోరము. 1960లో ఇంగ్లండులో లక్షకుపైగా టర్కీకోళ్ళు బూజుపట్టిన వేరుశనగచెక్క తినియే చచ్చినవి. అఫ్లాటాక్సినను విషము లోకమునకు తెలిసినది అప్పుడే.

ఆ వృద్ధునితో ఇవన్నియు చెప్పలేదు. మొక్కజొన్న, సోయాచెక్క, ఎండుచేపలపొడి, ఖనిజలవణములు కలిపిన దాణా తెప్పించి, ఆలిచిప్పలరవ్వ వేరొక తొట్టిలో సాయంకాలము పోయుమంటిని. ఏలయన కౌజు కోడివలె ఉదయమున గాక, మధ్యాహ్నము తిరిగినపిమ్మట ప్రొద్దు గ్రుంకులోపల గ్రుడ్డు పెట్టును, మరుసటి గ్రుడ్డుకు రాత్రియంతయు పెంకు కట్టుచుండును. కొన్ని వారములకు మరల వెళ్ళితిని. ప్రొద్దు వాలుచుండెను. పెట్టలు చిప్పరవ్వ తొట్టిచుట్టు మూగి ఒకదానినొకటి త్రోసికొనుచుండెను. ఆయన గూటిక్రింద చేయిపెట్టి ఒక గ్రుడ్డు తీసి, మాటాడక, చెక్కమీద రెండుమారులు టకటకమని తట్టి చూపెను. మూలనున్న పెట్ట మాత్రము బ్రదుకలేదు.